స్కూటర్ మీద ముందు చోటు

పెళ్లయిన కొత్తలో అత్తగారికి భయపడేవాళ్లను చూశాను, ఆడబిడ్డ నోటికి జడిసేవాళ్లను చూశాను. నేను మాత్రం ఎనిమిదేళ్ల పిల్లను చూసి కుళ్లుకున్నాను. ఆ పిల్ల పేరు శివలీల. మా బావగారి కూతురు. మా ఆయన స్కూటర్ మీద ముందు నిలబడే చోటు ఆ పిల్లది.

ఆ స్కూటర్ గురించి కొంచెం చెప్పాలి. లేత నీలం రంగు, కుంకుమ బొట్లు ఇంకా చెరగని కొత్త బండి. హైదరాబాదులో బి.ఎ. చదివే రోజుల్లో నేను సిటీ బస్సు కిటికీలోంచి, భర్త భుజం మీద చెయ్యి వేసుకుని స్కూటర్ వెనక దర్జాగా పోయే ఆడవాళ్లను తెగ చూసేదాన్ని. అల్లానికి పేరుపడ్డ జహీరాబాద్ సంబంధం వచ్చిందనగానే స్నేహితురాళ్లు "ఇంక నీకు అల్లం చాయే" అని నవ్వారు. నేను మాత్రం పెళ్లికొడుక్కి స్కూటర్ ఉందో లేదో అమ్మ చేత అడిగించాను. ఉందన్నారు. ఫాల్గుణంలో పెళ్లయిపోయింది.

అన్నదమ్ములిద్దరిదీ బస్టాండు వెనక బెల్లం, అల్లం అడ్తి దుకాణం. పొద్దు వాలగానే మా ఆయన ఇంటికి వచ్చేవారు. ఆయన చొక్కా మడతల్లో అల్లం వాసన, జేబులో నాకోసం కాగితంలో చుట్టిన వేడి మిర్చీలు. ఆ పొట్లం విప్పుతుంటే నాకు పండగలా ఉండేది. నేను అప్పటికే ముఖం కడుక్కుని, మల్లెలు పెట్టుకుని, చీర కుచ్చిళ్లు సరిచేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేదాన్ని. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అక్క గొంతు వచ్చేది. అక్క అంటే సొంత అక్క కాదు, బావగారి భార్య మహాదేవమ్మ, నా యారాలు.

"శేఖరూ, జర దీన్ని తిప్పుకొని రా."

మా ఆయన చెప్పులైనా విడవకుండా వెనక్కి తిరిగేవారు. లీల గోడ మీది నుంచో, నీళ్ల తొట్టి వెనక నుంచో ఊడిపడి స్కూటర్ ముందు ఎక్కి నిలబడేది. బొంబాయి రోడ్డు మీద చిరాగ్‌పల్లి దాకా పోయి రావడం. మొఖానికి గాలి కొడుతుంటే ఆ పిల్ల నెమ్మదిస్తుందట. నేను మిర్చీలు ఒక్కదాన్నే తినేదాన్ని. ఒక్కదాన్నే తింటే అవి ఉత్త కారం.

"ముగ్గురం పోదాం," అన్నాను ఒక సాయంత్రం. పోయాం. లీల హారన్ నొక్కుతూనే ఉంది. వెనక్కి తిరిగి నా గాజులు లెక్కపెట్టబోయింది. ఎదురుగా చెరుకు లారీ వస్తుంటే దాన్ని బాగా చూడాలని హాండిల్ తన వైపు తిప్పుకుంది. ముగ్గురం రోడ్డు పక్క కోత అయిన కందిచేనులో తేలాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, నా పట్టుచీర అంచు మాత్రం చిరిగింది.

"ఇద్దరిని ఏసుకొని నాతోని కాదు విశాలా. ఒక్క చెయ్యి దాన్నే పట్టుకొని ఉండాలె," అన్నారు మా ఆయన.

ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఉండాలంటే ఆ ఒకరు నేనే అయ్యాను. లీల చేతిలో ఓడిపోవడం ఒక ఎత్తు, అక్క గొంతుకు ఉన్న బలం ఇంకొక ఎత్తు. నేను గారంగా, కోపంగా, కన్నీళ్లతో అడిగినా కదలని మనిషి, ఆమె వంటింట్లోంచి బయటికి రాకుండానే ఒక్క మాటంటే కదిలేవారు. ఆ గంటసేపు అక్క ఏం చేస్తుందో కూడా నేను చూడలేదు. మా గదిలో తలుపేసుకుని మూతి ముడుచుకుని కూర్చోవడంతోనే నాకు సరిపోయేది.

పగలంతా మాత్రం చూస్తూనే ఉండేదాన్ని. లీల చెడ్డ పిల్ల కాదు. పిలిస్తే ముద్దుగా పలికేది. పలికి, చెప్పింది వినేలోపల ఇంకెక్కడో ఉండేది. పాలు తెమ్మంటే గిన్నె పట్టుకుని బయల్దేరి, దారిలో బుడబుక్కలవాడి వెంట పోయి, గిన్నె ఎక్కడ పెట్టిందో మరచి వచ్చేది. పలకలు, చెప్పులు, చెవి పోగులు, ఆ పిల్ల ఒంటి మీద గానీ చేతిలో గానీ ఏదీ నిలిచేది కాదు. బడిలో పంతులమ్మ పొద్దున చేర్చుకుని మధ్యాహ్నానికి ఇంటికి పంపేది. అక్క చేతులు పిండిలో ఉన్నా, కడుపులో నొప్పి ఉన్నా, చెవులు మాత్రం ఎప్పుడూ పెరట్లో బావి వైపే ఉండేవి. చప్పుడైతే పరుగెత్తేది. చప్పుడు ఆగిపోతే ఇంకా జోరుగా పరుగెత్తేది.

బీదర్‌లో పెద్ద డాక్టరుకు చూపించారు. చెవులు బాగున్నాయి, కళ్లు బాగున్నాయి, పిల్ల చురుకైంది అన్నాడట. ఆ పిల్లకున్నది ఏమిటో ఎవరికీ తెలియదు. పేరు తెలియని దానికి అందరూ అక్క పేరే పెట్టారు.

"కడుపుతోని ఉన్నప్పుడు ఏం తిన్నవే మహాదేవీ?" అనేది పక్కింటి బస్వమ్మ, మా అరుగు మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటూ. "నా నలుగురు పోరగాండ్లు, పీట ఏస్తే పీట మీద, సాప ఏస్తే సాప మీద."

"నీ పోరగాండ్లను పీటకు అంటించినవేమో చూసుకో బస్వమ్మత్తా, పెద్దగైనంక గూడ లేస్తలేరు," అనేది అక్క. బస్వమ్మ కొడుకులు నలుగురూ ఏ పనీ లేకుండా ఇంట్లోనే ఉన్నారు మరి. నాకు నవ్వొచ్చేది. అక్క మాత్రం లోపలికి వచ్చాక చాలాసేపు రోకలితో దంచేది.

బావగారు శంకరప్ప నెమ్మదైన మనిషి. అందరితోనూ నవ్వుతూ మాట్లాడతారు. ఇంట్లో మాత్రం మాట్లాడరు. దుకాణం కట్టేసినా, పని లేకపోయినా అక్కడే గోనెసంచుల మీద కూర్చుని, లీల నిద్రపోయిందని తెలిశాకే వచ్చేవారు. ఒకసారి తలుపు చాటు నుంచి ఆయనా అక్కా అనుకున్న మాటలు నా చెవిన పడ్డాయి.

"ఊరంత అడుగుతున్నది నన్ను. ఏమని చెప్పాలె?"

"నన్ను ఇల్లంత అడుగుతున్నది. నేనేమని చెప్పాలె?"

తరువాత చాప పరిచిన చప్పుడొకటే వినబడింది. మా గదిలో మేము ఊరికే, కారణం లేకుండా, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని నవ్వుకునే రోజులవి. గోడకు అవతల ఆ నిశ్శబ్దం ఉండేది. అయినా నా కుళ్లు తగ్గలేదు. మొగుడు మాట్లాడకపోతే మరిది చేత పని చేయించుకుంటుందా అని కూడా అనుకున్నాను.

చైత్రం సగంలో మఠం నుంచి అయ్యగారు వచ్చారు. బసవ జయంతినాడు మఠంలో పిల్లలకు దీక్ష ఇస్తారు. మెడలో లింగం కట్టుకునే మా వాళ్లలో ఆ ఈడు పిల్లలందరికీ అది ఉండాల్సిందే. పీట మీద కదలకుండా కూర్చుని, ఎడమ అరచేతిలో లింగం పెట్టుకుని, దాన్నే చూస్తూ పూజంతా అయ్యేదాకా ఉండాలి. చివర తెల్లబట్ట కప్పి అయ్యగారు చెవిలో మంత్రం చెబుతారు. అప్పటి నుంచి లింగం మెడలోనే ఉండాలి. పోగొట్టుకుంటే అంతకంటే అపచారం లేదు.

మా అత్తమ్మ నాగమ్మ అయ్యగారి ముందే అంది. "లీలకు ఈ ఏడు వద్దు స్వామీ. పోగులు నిలుపుకోనిది లింగం నిలుపుకుంటదా? మఠంల అందరి ముందట మా ఇజ్జత్ పోతది."

"దాని ఈడోళ్లందరు కూసుంటున్నరు," అంది అక్క.

"వాళ్లు కూసుంటరు గనుకనే కూసుంటున్నరు."

"నా బిడ్డ గూడ కూసుంటది," అంది అక్క. ఆమె అత్తమ్మకు ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు. ఇక్కడ ఒప్పుకుంటే మంది మాటకు ముద్ర వేసి ఇచ్చినట్టే అని ఆమెకు తెలుసు. కూర్చోలేని పిల్ల, పెంచలేని తల్లి.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు మా ఇంట్లో నరకం. అక్క పీట వేసేది. లీల అరచేతిలో గుండ్రటి గులకరాయి పెట్టేది. "దీన్నే చూడు, లేవకు." లీల చూసేది. నిజంగా ప్రయత్నించేది, ఆ పిల్ల మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనబడేది. అంతలో చీమ పోయేది, కాకి అరిచేది, మోకాలు దానంతట అదే ఎగిరేది. రాయి దొర్లిపోయేది. అక్క బతిమాలేది, బెదిరించేది, చివరికి వీపు మీద చరిచేది. తరువాత ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని ఏడ్చేవారు.

నేను ఆ పిల్లను చేరదీసింది జాలితో కాదు. మధ్యాహ్నమే అలసిపోతే సాయంత్రం స్కూటర్ ఎక్కదు కదా అని లెక్క వేశాను. అల్లం నాటు వేసే రోజులు. పెరటి కొట్టులో విత్తనం అల్లం పోసి ఉంది. దాన్ని కన్ను చెడకుండా చిన్న ముక్కలుగా విరవాలి. మొలక వచ్చే చోటును కన్ను అంటారు. అక్క వంటింట్లో ఉన్నప్పుడు లీలను కొట్టులోకి తీసుకుపోయి ఒక గడ్డ చేతికిచ్చాను.

"కన్ను ఎక్కడున్నది దీనికి?"

"ఈడున్నది చిన్నమ్మా. ఇంకోటి ఈడున్నది. ఇది పండుకున్నది, ఇంక తెరువలే."

టక్కున విరిచింది. ఇంకొక గడ్డ తీసుకుంది. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, నోరు ఆడుతూనే ఉంది, ఒక కాలు నేలను తడుతూనే ఉంది. అయినా కూర్చుంది. కొట్టు కిటికీలోంచి పడే ఎండ ఒక గోడ నుంచి ఇంకొక గోడకు జరిగేదాకా కూర్చుంది. నేను ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. అత్తమ్మ బుగ్గన వేలేసుకుంది. సాయంత్రం మా ఆయన "సదువుకున్నదంటే గట్లుండాలె" అని నా జడ లాగారు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

అక్క మాత్రం, ఆ మధ్యాహ్నం నేను అందరినీ పిలిచినప్పుడే, కొట్టు గుమ్మంలో నిలబడి చూసింది. చేతిలో జొన్నపిండి అలాగే ఉంది. వచ్చి లీల రెక్క పట్టుకుని లేపింది.

"నా బిడ్డను కూలిదానిలెక్క కూసోబెట్టినవా? లే. లేవే."

"మంచిగ కూసున్నది గదా అక్కా..."

"నీ కాడ కూసుంటే కూసున్నట్ల? ఇగ నా బిడ్డ జోలికి రాకు. మీ స్కూటర్ గూడ వద్దు మాకు."

అలా స్కూటర్ నాకు దక్కింది. ఇంత సులభంగా దక్కుతుందనుకోలేదు. మర్నాడు సాయంత్రం మల్లెలు పెట్టుకుని వెనక కూర్చున్నాను, ఆయన భుజం మీద చెయ్యి వేశాను. హైదరాబాదు బస్సు కిటికీలన్నీ నన్ను చూస్తున్నట్టే అనిపించింది. రోడ్డు మీద లారీలు రంగురంగుల కుచ్చులు ఊపుకుంటూ పోతున్నాయి. చిరాగ్‌పల్లి దగ్గర చెరుకురసం తాగాం. అల్లం, నిమ్మకాయ వేసి తీసిన రసం. గ్లాసు అంచు మీది నురుగు ఆయన మీసానికి అంటుకుంటే నేను నవ్వడం ఆపలేకపోయాను.

ఇంతలో పడమట దుమ్ము లేచింది. గాలిదుమారం వస్తుందని త్వరగా తిరిగి వచ్చేశాం. అత్తమ్మ మఠానికి పోయింది. ముందు తలుపు లోపల గొళ్లెం పెట్టి ఉంది. మా ఆయన స్కూటర్‌ను రేకుల కిందికి తోస్తుంటే నేను పెరటి దారిన పోయాను.

అక్క అల్లం కొట్టు గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఉంది. ద్వారబంధం ఒక పక్కకు వీపు ఆనించి, రెండో పక్కకు పాదాలు తన్నిపెట్టి. లోపల లీల అల్లం ముక్కలు గోడకు విసురుతోంది. అక్క ఒళ్లో పళ్లెం, పళ్లెంలో రొట్టె, చల్లారిన పుండికూర. కళ్లు మూసుకుని నములుతోంది.

"ఇప్పుడు తింటున్నవా అక్కా?"

"రోజు గీ యాళ్లకే తింట."

"పగటీలి తినవా?"

"పగటీలి పల్లెం ముందట కూసుంటే అది బాయి గట్టెక్కుతది. శేఖరు దాన్ని తీస్కపోయినంక తింట. ఇయ్యాల తీస్కపోలే గద. గందుకే గిట్ల." ఫిర్యాదుగా అనలేదు. రొట్టె ఇంకో ముక్క తుంచింది.

నేను చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాను. పక్కనే కూర్చున్నాను కూడా. అక్క లోపలికి చూస్తూ అడిగింది.

"నీ కాడ ఎట్ల కూసున్నదే? ఏం పెట్టినవ్ దానికి?"

"ఏం పెట్టలే. చేతుల పని ఉన్నదని కూసున్నది."

"కన్నది నేను. దాని ఎనుక ఉరికేది నేను. నిన్న గాక మొన్న వచ్చినవ్, నీ కాడ కూసున్నది. నిన్న కొట్టుల నిన్ను చూస్తే నా కండ్లల్ల కారం కొట్టినట్లయింది."

నేను కుళ్లుకోవడంలో ఎంతగా మునిగిపోయానంటే, నన్ను చూసి కూడా ఒకరు కుళ్లుకోవచ్చన్న ఆలోచనే రాలేదు. మొదట కొంచెం సంబరంగానే అనిపించింది. ఆ సంబరం మీదే నోరు జారాను.

"నాకు గూడ నిన్ను చూస్తే గట్లనే ఉంటది."

"నన్ను చూసా? నా తాన ఏమున్నదే పిచ్చిదానా?"

"సాయంత్రాలు. నువ్వు పిలుస్తే మా ఆయన ఉరికొస్తరు. నేను పిలుస్తే రారు."

అక్క నా మల్లెల వైపు, కందిచేనులో చిరిగిన నా చీర అంచు వైపు చూసింది. రొట్టె గొంతుకు అడ్డం పడేదాకా నవ్వింది. నేను వీపు తట్టాను. లోపల లీల కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

మర్నాడు సాయంత్రం ఆ గొంతు వంటింట్లోంచి రాలేదు. నేనే అన్నాను, "లీలను తిప్పుకొని రండి." అనేటప్పుడు పంటి కింద రాయి పడ్డట్టే ఉంది. స్కూటర్ చప్పుడు మలుపు తిరిగాక వంటింట్లోకి పోయి అక్కకు రొట్టె వేడిగా వేసి పెట్టాను. గుండ్రంగా రాలేదు. అయినా ఆమె మొత్తం తిన్నది.

బసవ జయంతినాడు మఠం ముంగిట్లో పందిరి వేశారు. పిల్లలు తలంట్లు పోసుకుని, నుదుటి నిండా విభూతితో పీటల మీద వరసగా కూర్చున్నారు. పక్కన తల్లులు, వెనక తండ్రులు. అక్క కూర్చోబోతుంటే అత్తమ్మ ఆపింది.

"నువ్వు వద్దు. విశాల కూసుంటది. దాని కాడ పోరి కదలదు."

అందరి ముందూ అంది. బస్వమ్మ అక్కడే ఉంది. అక్క ముఖంలో రక్తం లేదు. నాలుగడుగులు వెనక్కి జరిగింది. నేను వద్దనాల్సింది, కానీ ఆ పీట పక్కన కూర్చోవాలని నాకూ ఉంది. కూర్చున్నాను.

లీల కూర్చుంది. అరచేతిలో లింగం పెట్టారు. నీళ్లు పోసింది, విభూతి పూసింది, మారేడాకు పెట్టింది. చేతికి పని ఉన్నంతసేపూ అద్భుతంగా చేసింది. నేను తలెత్తి మా ఆయన ఎక్కడున్నారో, నన్ను చూస్తున్నారో లేదో వెతుక్కున్నాను. తరువాత చేసే పని అయిపోయింది. ఇంక చూస్తూ ఉండటమే. మోకాలు ఎగిరింది. నేను దాని మీద చెయ్యి వేసి నొక్కాను. చెయ్యి కింద ఆ మోకాలు పక్షిపిల్లలా కొట్టుకుంది. అయ్యగారు పక్క పిల్లాడి చెవిలో మంత్రం చెబుతున్నారు. తరువాత లీలే. ఇంకొంచెం ఓపిక పడితే చాలు.

పడలేకపోయింది. లేచి, లింగాన్ని గుప్పిట్లో బిగించి, పందిరి దాటి మఠంలోని గుడి వైపు పరుగెత్తింది.

మఠమంతా ఆగిపోయింది. "నేను చెప్పలేదా," అంది అత్తమ్మ. మా ఆయన లేవబోయారు. బావగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తాను లేచారు.

అక్క అప్పటికే అయ్యగారి ముందు నిలబడి ఉంది. ఏడవటం లేదు. "అయ్యగారూ, అది కూసోలేదు. నేను చెప్పింది తప్పు. నడుసుకుంట చెప్తరా?"

"నడుసుకుంటనా?" అన్నారు అయ్యగారు. ఆయనకు మోకాళ్ల నొప్పి.

"అది గుడి సుట్టు తిరుగుతది. దాని పక్కన నడుసుకుంట చెప్పుండ్రి. నడుస్తుంటే ఇంటది అది. మస్తుగ ఇంటది."

అయ్యగారు బావగారి వైపు చూశారు. బావగారు కింద పడున్న తెల్లబట్ట తీసి దులిపారు. అయ్యగారు గొణుక్కుంటూ, నడుం పట్టుకుని లేచారు.

వాళ్లు గుడి చుట్టూ తిరిగారు. ఒక వైపు అక్క, ఒక వైపు బావగారు తెల్లబట్ట అంచులు ఎత్తి పట్టుకున్నారు. కింద లీల విసవిసా నడుస్తుంటే, అయ్యగారు పక్కకు ఒరిగి ఆయాసపడుతూ ఆ చెవిని అందుకోబోతున్నారు. అందిన చోటల్లా మంత్రం చెబుతున్నారు. "జర మెల్లగ బిడ్డా, జర మెల్లగ," అని మధ్యలో అంటున్నారు. ఆ మాటలు కూడా లీల మంత్రంతో పాటే తిరిగి చెప్పిందని పందిరి కింద నవ్వులు లేచాయి. బావగారు నవ్వారు. బట్ట మీదుగా అక్క ఆయన్ను చూసింది.

నేను ఖాళీ పీట పక్కన బుద్ధిగా కూర్చునే ఉన్నాను.

"ఇంక లేవే, ఎవరి కోసం కూసున్నవ్?" అంది అత్తమ్మ.

రెండో చుట్టులో నా ముందు నుంచి పోతూ అక్క పిలిచింది. "చూస్తవేందే? గాలికి లేస్తున్నది, ఆ మూల పట్టుకో."

కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తాను. మూల అందుకుని వాళ్లతో పాటు నడిచాను. లీల ఒక చేతి గుప్పిట్లో లింగం ఉంది. రెండో చెయ్యి నాకు దగ్గరగానే ఉంది. చూపుడువేలు చాపాను కూడా. ఆ పిల్ల దాన్ని దాటి అటు చెయ్యి చాపి, వాళ్లమ్మ చిటికెన వేలు పట్టుకుంది. అక్క నా వైపు చూడలేదు. చూడకుండానే ఆమె నడక ఎంత తేలికైందో నాకు కనబడింది. నాకు ఒళ్లు మండింది.